ఉమ్మడి చెరువుకు కాపలా: మహాసరస్సుల పద్ధతుల్లో మన ఊళ్లకు నప్పేదేది?

రెండేళ్ల కిందట మే నెలలో ఒకరోజు పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా మా చెరువు కట్ట మీద చింతచెట్టు కింద కూర్చుని ట్యాంకర్లు లెక్కపెట్టాను. పంతొమ్మిది పోయాయి. ఒక్కోటి ఐదు వేల లీటర్లు. కొన్ని తూర్పున రొయ్యల గుంటలకు, కొన్ని హైవే పక్కన కొత్తగా వేస్తున్న లేఅవుటుకు. వాటిని రానిచ్చింది వేరెవరో కాదు, మేమే. రామాలయానికి రంగులు వేయించాలి, చేతిలో డబ్బుల్లేవు. ట్యాంకరుకు వంద రూపాయలు గుడి ఖాతాలో కట్టి తీసుకుపొమ్మన్నాం. మొదటి వారం రోజుకు రెండే వచ్చాయి. చెరువు నీళ్లు పంచి పారించే మా నీరుగట్టు పెద్దాయన అప్పుడే అన్నాడు: "ఒకటే గదా అబ్బయ్యా అంటారు. ఒకదానికి ఊఁ అన్నాక రెండోదానికి ఊహూఁ అనాలంటే నోరెట్టొస్తాది?"

ఆ సాయంత్రం ఆయనే నన్ను చెరువు వెనకతట్టుకు తీసుకెళ్లాడు. తుమ్మచెట్ల చాటున రెండు ఆయిల్ ఇంజన్లు, నల్ల పైపులు. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి సెల్‌ఫోన్లో టైము చూశాం. ఇరవై సెకన్లలో నిండింది. అంటే సెకనుకు పది లీటర్లు. రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే ఒక్క ఇంజను 2,88,000 లీటర్లు తోడుతుంది, దాదాపు 58 ట్యాంకర్లు. అట్లాంటివి రెండు. నేను ముందు వైపు కళ్లు కాయలు కాచేలా ట్యాంకర్లు లెక్కపెడుతుంటే, వాటికి ఆరింతల నీళ్లు వెనక నుంచి పోతున్నాయి.

మాది నెల్లూరు జిల్లాలో మూడు ఊళ్ల ఉమ్మడి చెరువు. ఆ ఏడు దిగువ ఊరి ఎడగారు, అంటే ఎండాకాలపు పంట, నారుమళ్లు సగం ఎండాయి. తర్వాత కూర్చున్న పంచాయితీలో తలా ఒక మాట చెప్పారు. బయటికి చుక్క పోకూడదని ఒకరు, కమిటీ వేద్దామని ఒకరు, కోర్టుకు పోదామని ఒకరు, ముందే చెప్పి తీసుకోమందామని ఇంకొకరు, ఏకంగా రేటు పెంచి అమ్ముదామని మరొకరు. ఈ గొడవ మనకంటే ముందు పడ్డవాళ్లు ఎవరున్నారా అని వెతికితే, దేశాల మధ్య పంచుకుంటున్న మంచినీటి సరస్సుల దగ్గర ఈ ఐదు పద్ధతులూ కనిపించాయి. మీ చెరువుకు కూడా ఇదే తలనొప్పి ఉంటే ఈ పోలిక పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఏం చూసుకోవాలి

ఎన్ని నీళ్లు పోతున్నాయన్నది అందరూ అడిగే ప్రశ్న. దానికంటే ముందు అడగాల్సింది, ఎక్కడికి పోతున్నాయి, తిరిగొస్తాయా అని. మడికి పారిన నీళ్లలో కొంత ఊటగా, మురుగు కాలవగా కింది చెరువుకు చేరతాయి. గొలుసుకట్టు చెరువులున్న చోట పై చెరువు వాడకం కింది చెరువుకు రాబడి. లేఅవుటుకు పోయిన ట్యాంకరు నీళ్లు ఇక రావు. ఉప్పుదనం తగ్గించడానికి రొయ్యల గుంటలో పోసిన మంచినీళ్లు ఉప్పునీళ్లై కాలవలో కలుస్తాయి, అవి తిరిగొచ్చినా మనకు అక్కర్లేదు.

తర్వాత చూడాల్సినవి మూడు. కొలత ఎవరి చేతిలో ఉంది? "వద్దు" అనే హక్కు ఎవరికుంది, అందరికీ సమానంగా ఉందా? తాగునీళ్లకు అల్లాడే పక్కూరు వచ్చి అడిగితే ఇచ్చే దారి ఉందా? ఈ చివరిదాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. నీళ్లు పొలిమేర దాటితే పాపమని నెల్లూరు మనిషి అనలేడు. 1983 ఒప్పందం ప్రకారం తెలుగుగంగలో మద్రాసుకు నీళ్లు పోతున్నది మన సోమశిల, కండలేరు మీదుగానే. కృష్ణా వాటాలోంచి మూడు రాష్ట్రాలు తలా ఐదు టీఎంసీలు ఇవ్వాలన్నది దాని వెనక ఉన్న లెక్క.

| పద్ధతి | ఎక్కడ నడుస్తోంది | బలం | లోటు |
|---|---|---|---|
| గీత గీసి బయటికి వద్దనడం | అమెరికా, కెనడా మహాసరస్సులు | రెండో ట్యాంకరు ప్రశ్నే రాదు | చిన్న పాత్రల సందు, ఆలస్యం |
| సమాన కుర్చీల కమిషన్ | అవే సరస్సులు, 1909 నుంచి | పెద్ద చిన్న తేడా లేదు | చాలా వాటిలో సలహా వరకే |
| కోర్టు చెప్పిన అంకె | మిషిగన్ సరస్సు, చికాగో | అంకె తిరుగులేనిది | ఏళ్లు, ఖర్చు, పగలు |
| ముందే చెప్పి మాట్లాడుకోవడం | కాన్‌స్టాన్స్ సరస్సు | సులువు, మర్యాద | నీళ్లు తక్కువైతే నిలవదు |
| అమ్మకం | 1998లో సుపీరియర్ దగ్గర ప్రయత్నం | వెంటనే డబ్బు | ఆపడం చేత కాదు |

గీత గీయడం

సుపీరియర్, మిషిగన్, హ్యూరన్, ఈరీ, ఒంటారియో అని ఐదు సరస్సులు. మిషిగన్ పూర్తిగా అమెరికాలో ఉంది, మిగతా నాలుగూ అమెరికా, కెనడాల ఉమ్మడి. భూమి మీద పైకి కనిపించే మంచినీళ్లలో ఇంచుమించు ఐదో వంతు అక్కడే ఉంది. అన్ని నీళ్లున్నవాళ్లకు టెన్షన్ దేనికంటే, వానలు, వాగుల వల్ల ఏటా కొత్తగా చేరేది ఒక్క శాతమే. మిగతాదంతా మంచుయుగం చివర మంచు కరిగి నిండిన పాత నిల్వ. ఈ ఒక్క విషయంలో మన చెరువు వేరు. అది కార్తీకానికి నిండి వైశాఖానికి అడుగంటుతుంది. అందుకని వాళ్ల నిషేధాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ అతికించకూడదు.

ఆ సరస్సుల చుట్టూ ఉన్న ఎనిమిది అమెరికా రాష్ట్రాలు చేసుకున్న కట్టుబాటు 2008 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. ఒంటారియో, క్యుబెక్‌లతో కలిసి 2005లోనే ఒప్పందం రాసుకున్నారు. అసలు సూత్రం ఒకటే: సరస్సుల్లోకి వాన నీరు జారే నేల ఎంతవరకో అంతవరకు గీత, ఆ గీత దాటి కొత్తగా నీళ్లు మళ్లించకూడదు. గీత లోపల రోజుకు సగటున లక్ష గ్యాలన్లు, అంటే సుమారు 3,78,000 లీటర్లు, అంతకు మించి తోడేవాళ్లు పేరు నమోదు చేసుకుని లెక్క చెప్పాలి. మా వెనకతట్టు ఇంజను పదిన్నర గంటలు ఆడితే అక్కడ రిజిస్టరులోకి ఎక్కేదన్నమాట.

నాకు బాగా నచ్చింది పాత్ర లెక్క. 5.7 గ్యాలన్లు, అంటే ఇరవై ఒకటిన్నర లీటర్లకు మించిన పాత్రలో గీత దాటిస్తే దాన్ని మళ్లింపుగానే చూస్తారు. అంతకు చిన్నవైతే ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తేల్చుకోవాలి. మన 20 లీటర్ల క్యాను సరిగ్గా ఆ హద్దుకు ఇవతల ఆగుతుంది! ఇదే ఆ కట్టుబాటులో అందరూ వేలు పెట్టి చూపే కంత కూడా. లారీ నిండా చిన్న సీసాలు పోతే ఏమంటావు అని అడిగితే జవాబు గట్టిగా రాదు. కెనడా చట్టం ఇంకో దారిలో పోయింది. సరిహద్దు నీళ్లను కాలవలు, పైపులతో బయటికి తీయడం ఎంత కొంచెమైనా భారీ తరలింపే, వేరే మార్గంలో అయితే రోజుకు 50,000 లీటర్లు దాటితే భారీ తరలింపు. మన భాషలో పది ట్యాంకర్లు.

గీత దాటనిచ్చిన సందర్భం ఒకటి చూడండి, వాకెషా పట్నం. మిషిగన్ సరస్సు ఒడ్డుకు పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో, గీతకు కాస్త అవతల ఉంది. బోర్లలో రేడియం ఎక్కువగా రావడంతో మిషిగన్ నీళ్లు ఇమ్మని 2010లో అడిగింది. ఎనిమిది మంది గవర్నర్లూ ఒప్పుకుంటేనే ఇవ్వాలి, ఒక్కరు కాదన్నా లేదు. 2016లో రోజుకు 82 లక్షల గ్యాలన్లకు ఒప్పుకున్నారు, వాడిన నీళ్లు శుద్ధి చేసి తిరిగి పంపాలన్న షరతు మీద. కుళాయిలో సరస్సు నీళ్లు పడేసరికి 2023 అక్టోబరు అయింది. పదమూడేళ్లు! మన పక్కూరికి అంత ఓపిక ఉండదు, ఉండాలని అడగడం కూడా ధర్మం కాదు. మనం గీత గీస్తే తాగునీటికి వారంలోపల జవాబు చెప్పాలని పక్కనే రాసుకోవాలి.

గీత ఎక్కడ గీస్తారన్నది ఇంకో సంగతి. కట్ట చుట్టూ గీసుకుంటే చాలదు. ఆరల్ సముద్రంలోకి ఎవరూ మోటార్లు వేయలేదు. అందులోకి వచ్చే ఆము దర్యా, సిర్ దర్యా నదులను 1960ల నుంచి పత్తి పొలాలకు తిప్పేశారు, అంతే ఎండిపోయింది. ఒకప్పుడది ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు. కజకిస్తాన్ 2005లో కోక్అరాల్ ఆనకట్ట పూర్తి చేసి ఉత్తరపు ముక్కను మాత్రం కాపాడుకోగలిగింది. మన చెరువుకు నీళ్లు తెచ్చే వాగు మీద ఎగువన ఎవరైనా అడ్డుకట్ట వేస్తే కట్ట మీద కాపలా పెట్టి లాభమేముంది?

సమాన కుర్చీల కమిషన్

1909లో అమెరికా ఒకవైపు, కెనడా తరఫున బ్రిటన్ ఇంకోవైపు ఉండి సరిహద్దు జలాల ఒప్పందం రాసుకున్నాయి. దాని కింద ఏర్పడ్డ ఉమ్మడి కమిషన్లో ఆరుగురు ఉంటారు, అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. జనంలో, డబ్బులో రెండు దేశాలకూ పొంతనే లేదు. కుర్చీలు మాత్రం సమానం. ఒకరు చేసే పని వల్ల అవతలి ఒడ్డున నీటిమట్టం మారేటట్టయితే కమిషన్ ఒప్పుకోవాలి. నీళ్ల వరసా రాసిపెట్టారు: మొదట ఇళ్ల వాడకం, పారిశుద్ధ్యం, తర్వాత పడవలు, ఆ తర్వాతే కరెంటూ సాగూ.

లోటు రెండు చోట్ల ఉంది. దేశాలు అడిగిన చాలా ప్రశ్నలకు కమిషన్ చెప్పేది సలహానే, ఆజ్ఞ కాదు. పైగా మిషిగన్ సరస్సు పూర్తిగా అమెరికాలో ఉంది కాబట్టి ఆ ఒప్పందం దృష్టిలో సరిహద్దు జలమే కాదు. పెద్ద మళ్లింపు జరిగిందేమో సరిగ్గా అక్కడే.

కమిటీ వేసినంత మాత్రాన నీళ్లు నిలవవు అనడానికి చాద్ సరస్సు ఉంది. నాలుగు దేశాలు కలిసి 1964లోనే కమిషన్ పెట్టుకున్నాయి. ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో కరువులు, సాగు తోడకం కలిసి ఆ సరస్సు ఒకప్పటి విస్తీర్ణంలో పదోవంతు కంటే తక్కువకు కుదించుకుపోయింది. విక్టోరియా సరస్సుది తూము తాళం కథ. కెన్యా, టాంజానియా, ఉగాండా ముగ్గురిదీ సరస్సు, నీళ్లు బయటికి పోయే దారి మాత్రం ఉగాండాలో, కరెంటు తీసే ఆనకట్ట దగ్గర. మట్టం ఎంతుంటే ఎంత వదలాలో ముందే ఒప్పుకున్న పట్టిక ఉంది. 2000ల మొదట్లో పట్టికను మించి వదిలారు, కరువూ తోడైంది, 2006కల్లా సరస్సు బాగా దిగిపోయింది. తాళం ఒక్క ఊరి చేతిలో ఉన్న ఉమ్మడి చెరువు ఎవరికైనా ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. చేపల పాట పాడినవాళ్లు ఎండాకాలం రాత్రిపూట తూము లేపించుకోవడం మనం చూసిందే.

కోర్టు అంకె

చికాగో వాళ్లు 1900లో తమ నదిని వెనక్కి తిప్పారు. మురుగు మిషిగన్‌లో కలవకుండా కాలవ తవ్వి మిసిసిపీ వైపు పంపారు, దానితో సరస్సు నీళ్లూ పోవడం మొదలైంది. 1920లలో చుట్టుపక్కల రాష్ట్రాలు సుప్రీంకోర్టుకు ఎక్కాయి. 1930లో ఒక తీర్పు, 1967లో ఇంకొకటి. ఆ రెండోదాని ప్రకారం చికాగో ఉన్న ఇల్లినాయి రాష్ట్రం తీసుకోదగ్గది సెకనుకు 3,200 ఘనపుటడుగులు. అంటే మనకు బాగా తెలిసిన భాషలో 3,200 క్యూసెక్కులు. ఏడాదికి లెక్కగడితే 101 టీఎంసీలు. నిండు సోమశిల 78. రోజూ అంత తోడితే 282 రోజుల్లో సోమశిల ఖాళీ.

అంకె స్పష్టంగా ఉంటుంది, నిజమే. కానీ కోర్టు మళ్లింపును తగ్గించమందే గానీ, పూర్తిగా ఆపమనలేదు. ఉమ్మడి చెరువుకు కోర్టు చివరి మెట్టు. ఎవరో బలమైనవాడు వెనకతట్టున పైపులైను వేసి ఎవరి మాటా వినకపోతే వెళ్లాలి. మూడు ఊళ్లు ఒకరి మీద ఒకరు వేసుకుంటే మాత్రం పెళ్లిళ్లు, పండగలు, అన్నీ చెడతాయి. మా దగ్గర ఆ మాట అన్న కుర్రాడి అత్తగారిది దిగువ ఊరే. వాళ్లావిడ ఇంట్లో ఏమందో గానీ మర్నాడు ఆ మాట ఎత్తలేదు.

ముందే చెప్పడం

ఇది తొందరగా తేలిపోతుంది. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ నడుమ కాన్‌స్టాన్స్ సరస్సు ఉంది. అక్కడి నీళ్లు జర్మనీలో దాదాపు 40 లక్షల మందికి తాగడానికి పైపుల్లో పోతాయి. 1966లో మూడు దేశాలూ ఒప్పుకున్నదేమంటే, పెద్ద ఎత్తున తోడేముందు మిగతావాళ్లకు చెప్పాలి, అభ్యంతరం ఉంటే కూర్చుని తేల్చుకోవాలి. సరస్సు పల్లం బయటికి పోయే నీళ్లకు హద్దు తక్కువ, లోపల వాడకానికి ఎక్కువ. ఈ మర్యాద అక్కడ చెల్లుతోందంటే, ఆల్ప్స్ కొండల నుంచి వచ్చేది తోడేదానికి ఎన్నో రెట్లు కాబట్టి. నిండుగా ఉన్న కార్తీకంలో మా ఊళ్లూ ఇంతే మర్యాదగా ఉంటాయి. మేలో ఉండవు.

అమ్మకం

1998లో సుపీరియర్ సరస్సు నీళ్లు ఏటా 60 కోట్ల లీటర్ల దాకా ఓడల్లో ఆసియాకు తీసుకెళ్లడానికి ఒక కెనడా కంపెనీకి ఒంటారియో అనుమతి ఇచ్చింది. రెండు దేశాల్లోనూ గగ్గోలు లేచి అనుమతి రద్దయింది. వినడానికి అరవై కోట్లు. లెక్క వేసి చూస్తే 0.02 టీఎంసీ. చికాగో కాలవ దాన్ని రెండు గంటల్లోపే తోడేస్తుంది.

అంటే వాళ్లూ నాలాగే కట్ట మీద కూర్చుని ట్యాంకర్లు లెక్కపెట్టారా? కొంత అంతే. కానీ ఆ గగ్గోలు వెనక ఉన్న భయం నీళ్ల పరిమాణం గురించి కాదు. నీళ్లు ఒకసారి సరుకయ్యాక, వాణిజ్య ఒప్పందాల ప్రకారం రెండో కొనుగోలుదారును కాదనే వీలుంటుందా అన్నది ప్రశ్న. మా నీరుగట్టు పెద్దాయన అన్న మాటే. 2005, 2008 కట్టుబాట్లకు దారి తీసింది ఆ ఓడ గొడవే. మా రామాలయం లెక్క కూడా చెప్పేస్తాను: రంగులకు కావాల్సింది పదిహేను రోజుల్లో వచ్చింది, ట్యాంకర్లు మాత్రం నలభై రోజులు వచ్చాయి. "వాళ్లకిచ్చి మాకెందుకివ్వరు" అన్నవాడికి మా దగ్గర జవాబు లేదు.

మరి ఎవరికి ఏది?

ఒకే ఊరి చెరువు, ఆయకట్టంతా తెలిసినవాళ్లదే అయితే కమిటీలు గిమిటీలు అక్కర్లేదు. గీత ఒక్కటి చాలు: పైపు, ఇంజను ఆయకట్టు బయటికి నీళ్లు తీయకూడదు, భుజం మీద, సైకిలు మీద పోయే క్యాన్ల జోలికి ఎవరూ పోకూడదు.

రెండు మూడు ఊళ్ల చెరువైతే వరస మారుతుంది. ముందు సమాన కుర్చీలు, తర్వాత గీత. ఆయకట్టు ఎకరాలను బట్టి కుర్చీలిస్తే పెద్ద ఊరు గీసిన గీతనే అందరూ గీత అనాలి, చిన్న ఊరు మొదటి ఏడే దాన్ని తెంపుతుంది. ఎకరాల లెక్క నీళ్ల వాటాకు సరే, "వద్దు" అనే హక్కుకు కాదు.

సముద్రం వైపు, రొయ్యల గుంటలు దగ్గరగా ఉన్న ఊళ్లు గీత విషయంలో మెతకగా ఉండొద్దు. అక్కడ పోయిన నీళ్లు తిరిగిరావు. పైగా గుంటలవాళ్లలో మన బంధువులే ఉంటారు, మొహమాటం ఎక్కువ. అలాంటిచోట మనిషి "కాదు" అనడంకంటే కాగితం "కాదు" అనడం సులువు.

నెల్లూరు టౌనుకు ఆనుకుని ఉన్న ఊళ్లకు గీత నిలవకపోవచ్చు. టౌను తాగునీళ్లని అడిగితే కాదనలేరు. వాళ్లకు అంకె పద్ధతి నయం: చెరువు ఫలానా రాయి దాకా దిగితే ఇక బయటికి లేదు, నిండుగా ఉన్నప్పుడు ఫలానా అంత. కాలవ మీద, కనిగిరి రిజర్వాయరు లాంటివాటి మీద ఆధారపడ్డ చెరువులకు ఊరి తీర్మానం సగమే పని చేస్తుంది, మిగతా సగం ఇరిగేషన్ వాళ్ల చేతిలో ఉంటుంది. అసలు ఏ ఊరైనా తీర్మానం ఒక్కటే పట్టుకుని స్టేషనుకు పోతే పని కాదు. 1997 నాటి రైతుల సాగునీటి నిర్వహణ చట్టం కింద ఏర్పడ్డ నీటి సంఘం పేరుతో ఇరిగేషన్ ఏఈకీ, తహసీల్దారుకూ కాగితం చేరాలి. బోర్ల గొడవైతే నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 వాల్టా చట్టం ఉంది.

మేం ఎంచుకున్నది రెండో పద్ధతి మీద మొదటిది. ఊరికి ఇద్దరు చొప్పున ఆరుగురు, మూడు ఊళ్లలో ఏ ఊరు కాదన్నా బయటికి పైపు లేదు. తాగునీటికి మాత్రం ఆరుగురిలో నలుగురు ఒప్పుకుంటే వారంలో ట్యాంకరు, అదీ పది రోజులకే. తూము గోడకు అడుగు అడుగుకూ తెల్లగీతలు, మూడో గీత మీద ఎర్ర రంగు. రామాలయం మీద మిగిలిన రంగే వాడాం.

లెక్కల పుస్తకం ఎవరి దగ్గర ఉండాలన్న దగ్గరే రెండు రాత్రులు పట్టింది. దిగువ ఊరికి ఇవ్వమని చివరికి పైవూరి వాళ్లే అన్నారు. ఇప్పుడది వాళ్ల రేషన్ షాపులో, బియ్యం తూకం పక్కన వేలాడుతూ ఉంటుంది. మొన్న తిరగేస్తే డ్రమ్ము నిండిన సెకన్లు కూడా రాసి ఉన్నాయి, నీరుగట్టు పెద్దాయన చేతిరాతలో.